మీట వెనక పట్టిక

ఎడిటర్‌లో కంట్రోల్, ఎస్ మీటలు కలిపి నొక్కితే ఫైలు సేవ్ అవుతుంది. నిజానికి సేవ్ చేయడం ఆ మీటలకు తెలియదు. అవి పంపేది ఒక సంకేతాన్ని మాత్రమే. ఏ సంకేతం వస్తే ఏ కమాండ్ నడపాలో ఎడిటర్ లోపల ఒక పట్టికలో రాసి ఉంటుంది. ఆ పట్టికను వాడేవాళ్లే మార్చుకునే వీలు ఒక అవసరం కొద్దీ వచ్చింది. మార్చాక అందులో ఏముందో తెలుసుకోవడం ఎలా అన్న చిక్కు దాని వెంటే వచ్చింది.

కంట్రోల్ మీట టెలిటైపుల కాలం నాటిది. 1963లో వచ్చిన ఆస్కీ ప్రమాణంలో మొదటి 32 సంఖ్యలను అక్షరాలకు కాక యంత్రాన్ని నడిపే సంకేతాలకు కేటాయించారు. కంట్రోల్ పట్టుకుని పెద్దబడి అక్షరం నొక్కితే దాని సంఖ్యలోంచి 64 తగ్గి వెళ్తుంది. జీ సంఖ్య 71, కాబట్టి కంట్రోల్-జీ అంటే 7: గంట మోగించమని. ఐ సంఖ్య 73, కాబట్టి కంట్రోల్-ఐ అంటే 9: అదే ట్యాబ్. ఈ లెక్క ఇప్పటికీ వదల్లేదు. పాత పద్ధతి టెర్మినల్‌లో నడిచే ఎడిటర్‌కు కంట్రోల్-ఐ, ట్యాబ్ రెండూ ఒకటే; వాటికి వేర్వేరు పనులు అప్పగించడం కుదరదు. కంట్రోల్-ఎస్ సంగతి ఇంకా విచిత్రం. టెర్మినల్ లెక్కలో అది పంపడం ఆపమనే ఆజ్ఞ. సేవ్ చేద్దామని నొక్కినవాళ్లకు తెర బిగుసుకుపోతుంది, కంట్రోల్-క్యూ నొక్కేదాకా కదలదు.

1962 ప్రాంతంలో అమెరికాలోని ఎమ్ఐటీలో డాన్ మర్ఫీ పీడీపీ-1 యంత్రానికి టెకో అనే ఎడిటర్ రాశాడు. అందులో ప్రతి అక్షరమూ ఒక ఆజ్ఞే. తమ పేరునే ఆజ్ఞగా కొడితే ఫైలు ఏమైపోతుందో ఊహించడం దాన్ని వాడే ప్రోగ్రామర్లకు ఒక ఆట. 1970ల మధ్యలో రిచర్డ్ స్టాల్‌మన్ దానికి ఒక వసతి చేర్చాడు: ఏ మీటకైనా సొంతంగా రాసుకున్న ప్రోగ్రామును తగిలించవచ్చు. ఎవరికి తోచినట్టు వాళ్లు తగిలించుకున్నారు. ఒకరి ఎడిటర్ ముందు మరొకరు కూర్చుంటే చేతులు ఆడని పరిస్థితి వచ్చింది. ఈ గందరగోళాన్ని ఒక దారికి తెచ్చే పనిని గై స్టీల్ మొదలుపెట్టాడు. స్టాల్‌మన్ చేతికి వచ్చాక 1976లో అది ఈమ్యాక్స్ అయింది.

దాదాపు అదే సమయంలో బర్క్‌లీలో బిల్ జాయ్ వీఐ అనే ఎడిటర్ రాశాడు. అతను వాడిన ఏడీఎం-3ఏ టెర్మినల్‌లో బాణాలకు విడి మీటలు లేవు. హెచ్, జే, కే, ఎల్ మీటల మీదే బాణాలు ముద్రించి ఉండేవి; వీఐలో కర్సర్‌ను కదిపేవి అవే. వీఐలో తరచూ నొక్కాల్సిన ఎస్కేప్ ఇప్పటి ట్యాబ్ చోట ఉండేది. ఆ టెర్మినళ్లు ఎప్పుడో మూలపడ్డాయి, మీటలు మాత్రం నిలిచాయి. ఎస్కేప్ పై మూలకు జరిగిపోవడంతో క్యాప్స్ లాక్‌నే ఎస్కేప్‌గా మార్చుకునేవాళ్లు నేటికీ ఉన్నారు.

మరి పట్టికలో ఏముందో గుర్తుండేదెలా? డాస్ కాలపు జవాబు కాగితం. వర్డ్‌పర్ఫెక్ట్ అనే వర్డ్ ప్రాసెసర్‌తో పాటు ఫంక్షన్ మీటల దగ్గర అమర్చుకునే అట్ట వచ్చేది: కంట్రోల్‌తో చేసే పనులు ఎరుపులో, షిఫ్ట్‌తో చేసేవి ఆకుపచ్చలో, ఆల్ట్‌తో చేసేవి నీలంలో. పనికొచ్చే వస్తువే, కానీ ఒక్క మీట మార్చుకున్నా అట్ట మీది అచ్చు అబద్ధమవుతుంది.

ఈమ్యాక్స్ ఈ చిక్కును మూలంలోనే విడదీసింది. మీటకూ పనికీ మధ్య కమాండ్ పేరు ఒకటి నిలబెట్టి, వివరణను మీటకు కాక పేరుకు తగిలించింది. కంట్రోల్-హెచ్ తర్వాత కే నొక్కి, తెలియని మీట ఏదైనా కొడితే దానికి కట్టిన కమాండ్ పేరూ వివరణా తెరుచుకుంటాయి. కే బదులు డబ్ల్యూ నొక్కితే తిరుగు ప్రశ్న: ఈ కమాండ్ ఏ మీట మీద ఉంది? బీ నొక్కితే అప్పుడు అమల్లో ఉన్న పట్టిక మొత్తం. ఇంతకన్నా తెలివైన ఏర్పాటు వివరణల లోపల ఉంది. వాటిలో మీట పేరు నేరుగా రాయనక్కరలేదు, కమాండ్ పేరును చదరపు కుండలీకరణాల్లో పెట్టి ముందు బ్యాక్‌స్లాష్ రాస్తే చాలు. చూపించే క్షణంలో ఎడిటర్ పట్టిక చూసి అప్పటి మీటను అక్కడ నింపుతుంది. సేవ్‌ను ఎఫ్5కు మార్చుకున్నవాళ్లకు అదే వాక్యం ఎఫ్5 అని కనిపిస్తుంది. ఆ కమాండ్‌కు మీటే లేకపోతే, దాన్ని పేరుతో పిలిచే పద్ధతి చూపుతుంది. కంట్రోల్-సీ తర్వాత ఒక అక్షరం అనే కలయికలను వాడుకరులకే వదిలేయాలని ప్యాకేజీలు రాసేవాళ్లకు ఈమ్యాక్స్ నియమం కూడా పెట్టింది.

వీఐకి వారసుడిగా 1991లో విడుదలైన విమ్‌లో తంటా వేరే. అక్కడ ఒక మీటకు కట్టిన వరుసలోని మీటలకు మళ్లీ వేరే అర్థాలు ఉండవచ్చు. ఒకదాన్నొకటి పిలుచుకుంటూ పోతే అంతు ఉండదు. నోరీమ్యాప్ కమాండ్ ఆ గొలుసును తెంచుతుంది. వెర్బోస్ మ్యాప్ అని అడిగితే ఆ మార్పు చివరిసారి ఏ ఫైలులో జరిగిందో విమ్ చెబుతుంది. విమ్ నుంచి పుట్టిన నియోవిమ్‌లో ప్రతి మ్యాపింగ్‌కూ చిన్న వివరణ జతచేయవచ్చు.

2015లో వచ్చిన వీఎస్ కోడ్ ఎడిటర్ తన పట్టికను ఒక జేసన్ ఫైలుగా బయటపెట్టింది. ఒక్కో నియమంలో మీట, కమాండ్, ఏ సందర్భంలో వర్తించాలన్న షరతు ఉంటాయి. నియమాలను కింది నుంచి పైకి చదివి, మొదట సరిపోయినదాన్ని తీసుకుంటుంది. వాడుకరి నియమాలు అడుగున చేరతాయి కాబట్టి గెలిచేవి అవే. జేసన్ అసలు నిబంధనల్లో వ్యాఖ్యలకు చోటు లేదు, ఈ ఫైలులో ఉంది. ఏం జరుగుతుందో కమాండ్ పేరే చెబుతుంది కాబట్టి, అక్కడ రాయవలసింది ఎందుకు మార్చారన్నదే.

తెలుగులో రాసేవాళ్లకు అదనంగా ఒక ముడి ఉంది. ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు లేఅవుట్‌లో జే మీట మీద ర, కే మీట మీద క ఉంటాయి. సిస్టమ్ కీబోర్డును తెలుగుకు మార్చి విమ్‌లో కర్సర్ దించబోతే ఎడిటర్‌కు చేరేది ర; కర్సర్ కదలదు. విమ్‌లోని లాంగ్‌మ్యాప్ అనే అమరికలో ఏ అక్షరాన్ని ఏ ఆజ్ఞగా చూడాలో రాసిపెట్టుకోవాలి. ఈమ్యాక్స్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ ఎడిటర్ లోపలే ఉంది. దాన్ని ఎంచుకున్నాక కంట్రోల్-బ్యాక్‌స్లాష్‌తో భాష మారుతుంది, సిస్టమ్ ఇంగ్లీషులోనే ఉంటుంది కాబట్టి కమాండ్లు చెదరవు. వీఎస్ కోడ్‌లోనైతే నియమంలో అక్షరానికి బదులు మీట ఉన్న స్థానాన్నే పేర్కొనవచ్చు. అప్పుడు లేఅవుట్ ఏదైనా ఆ చోటున్న మీటే లెక్కలోకి వస్తుంది.