హోసూరు ఇంటికి టీవీ వచ్చే దారి

హోసూరులో చాలా ఇళ్లలో అమ్మమ్మకు తెలుగు సీరియల్ కావాలి, నాన్నకు తమిళ వార్తలు కావాలి, పిల్లలకు కన్నడ సినిమా కావాలి. మూడు రాష్ట్రాలు కలిసే చోట ఇది మామూలే. ఇన్ని భాషలు ఒకే నల్ల తీగలో ఎలా వస్తాయి? వాన పడితే పక్కింట్లో బొమ్మ పోయి మనింట్లో ఎందుకు ఉంటుంది? నెలనెలా కట్టే డబ్బు ఎవరికి చేరుతుంది? ఇవి తెలిస్తే టీవీ మొరాయించినప్పుడు ఎక్కడ చూడాలో, బిల్లులో ఏం అడగాలో తెలుస్తుంది.

మొదట బొమ్మ ఎక్కడి నుంచి వస్తుంది?

ఛానెల్ సంస్థ తన ప్రసారాన్ని ఉపగ్రహానికి పంపుతుంది. భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఆ ఉపగ్రహం భూమితో సమంగా తిరుగుతుంది. అందుకే మనకు ఆకాశంలో ఒకేచోట నిలిచినట్టు ఉంటుంది, డిష్‌ను ఒకసారి బిగిస్తే చాలు. ప్రసారం పైకి పోయి కిందికి రావడానికి పట్టేది పావు సెకను.

అక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది. మన మేడ మీది చిన్న డిష్ నేరుగా అందుకుంటే అది డీటీహెచ్. కేబుల్ కంపెనీ పెద్ద డిష్‌లతో అందుకుని తీగల ద్వారా ఊరంతా పంచితే అది కేబుల్. అలా ఛానెళ్లన్నిటినీ ఒకచోట చేర్చే కేంద్రాన్ని హెడ్‌ఎండ్ అంటారు.

వానకు డీటీహెచ్ ఎందుకు పోతుంది?

డీటీహెచ్ తరంగం పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. ఇంత పొట్టి తరంగాన్ని జోరువాన చాలా వరకు మింగేస్తుంది. హెడ్‌ఎండ్‌లో పెద్ద డిష్‌లు ఎక్కువగా అందుకునేవి ఏడెనిమిది సెంటీమీటర్ల తరంగాలు. వాటి మీద వాన ప్రభావం చాలా తక్కువ. పక్కింటి డిష్ ఆగిపోయినా కేబుల్ ఆడుతూ ఉండటానికి కారణం ఇదే.

వాన లేకుండానే డిష్ ఇబ్బంది పెడుతుంటే అది చూసే దిక్కును పరీక్షించండి. నెలవారీ చందా లేని డీడీ ఫ్రీడిష్ ఉపగ్రహం హోసూరు నుంచి చూస్తే ఆగ్నేయంలో, సుమారు 66 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. ఆ వైపు కొబ్బరిచెట్టు ఎదిగినా, పక్కవాళ్లు ఇంకో అంతస్తు లేపినా బొమ్మ పోతుంది.

హెడ్‌ఎండ్ నుంచి మన వీధికి ఎలా వస్తుంది?

దూరాలకు ఆప్టికల్ ఫైబర్ వాడతారు. అంటే వెంట్రుకంత సన్నని గాజు పోగు. అందులో ప్రసారం వెలుగుగా ప్రయాణిస్తుంది. వీధిలో స్తంభం మీద ఉండే నోడ్ అనే పెట్టె ఆ వెలుగును విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. అక్కడి నుంచి ఇంటిదాకా వచ్చేది మనకు తెలిసిన నల్ల కేబుల్, కోయాక్సియల్.

ఈ రెండింటికీ తేడా ఎంత? సంకేతం తగ్గడాన్ని డెసిబెళ్లలో కొలుస్తారు. 3 తగ్గితే బలం సగమైనట్టు, 10 తగ్గితే పదో వంతే మిగిలినట్టు. ఫైబర్‌లో కిలోమీటరుకు పోయేది సుమారు 0.2 డెసిబెళ్లు. కృష్ణగిరి, హోసూరుల మధ్య దూరం సుమారు 50 కిలోమీటర్లు కాబట్టి అంత దూరానికి 10 డెసిబెళ్లు పోతాయి. ఇళ్లలో వాడే కేబుల్‌లో, పై ఫ్రీక్వెన్సీల దగ్గర, 100 మీటర్లకు 20 డెసిబెళ్ల వరకు పోతాయి. అంటే ఫైబర్ 50 కిలోమీటర్లలో పోగొట్టుకున్నంత బలాన్ని ఈ కేబుల్ 50 మీటర్లలోనే పోగొట్టుకుంటుంది.

అందుకే వీధుల్లో యాంప్లిఫైయర్లు పెడతారు. ఇవి నీరసించిన సంకేతానికి మళ్లీ బలమిచ్చే పెట్టెలు. వీటికి కరెంటు కావాలి. మనింట్లో ఇన్వర్టర్ ఉన్నా కరెంటు పోగానే కేబుల్ ఆగిందంటే, వీధిలోని పెట్టెకు బ్యాటరీ లేదనుకోవచ్చు. ఫైబర్ నేరుగా ఇంట్లోకే వస్తే దారిలో ఈ పెట్టెల అవసరం ఉండదు. సరిహద్దు అవతల ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ఫైబర్‌నెట్ 2017 డిసెంబరులో ఈ దారినే ఎంచుకుంది. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగి, టీవీ, ఇంటర్నెట్, ఫోన్ కలిపి 149 రూపాయల ప్యాకేజీతో మొదలుపెట్టింది.

ఒక్క తీగలో ఇన్ని వందల ఛానెళ్లా?

కేబుల్‌లో ప్రసారానికి దొరికే చోటు సుమారు 47 నుంచి 862 మెగాహెర్ట్జ్ వరకు. దాన్ని 8 మెగాహెర్ట్జ్ చొప్పున పంచితే దాదాపు 100 గదులవుతాయి. పాత అనలాగ్ పద్ధతిలో ఒక గదిలో ఒక్క ఛానెలే పట్టేది. తమిళనాడు ప్రభుత్వ సంస్థ అరసు కేబుల్ 2011 సెప్టెంబరులో నెలకు 70 రూపాయలకు ఇచ్చిన 90 ఛానెళ్లు దాదాపు ఆ హద్దు దగ్గరివే. డిజిటల్‌లో అదే గదిలో సెకనుకు సుమారు 38 మెగాబిట్ల సమాచారం పడుతుంది. మామూలు నాణ్యత ఛానెల్‌కు కొత్త కుదింపు పద్ధతిలో రెండు మెగాబిట్లు చాలు. అంటే ఒక్కరికి సరిపోయిన గదిలో ఇప్పుడు 19 మంది సర్దుకుంటారు. తెలుగు, తమిళం, కన్నడం ఒకదాన్నొకటి తోసుకోకుండా ఒకే తీగలో రావడం దీనివల్లే సాధ్యమైంది.

మరి సెట్‌టాప్ బాక్స్ ఎందుకు? కుదించిన ప్రసారాన్ని విప్పడం ఒక పని. మనం డబ్బు కట్టిన ఛానెళ్లను మాత్రమే తెరవడం రెండో పని. ఆ అనుమతి కంపెనీ సర్వర్ నుంచి రావాలి. 2022 నవంబరులో అరసు కేబుల్ సాఫ్ట్‌వేర్ చిక్కులో పడినప్పుడు తీగలు బాగానే ఉన్నా లక్షల ఇళ్లలో టీవీలు ఆగిపోయాయి.

నెల బిల్లు ఎవరికి పోతుంది?

2019 ఫిబ్రవరి నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం బిల్లులో రెండు భాగాలుంటాయి. ఒకటి నెట్‌వర్క్ రుసుము, అంటే ప్రసారాన్ని ఇంటిదాకా చేర్చినందుకు ఇచ్చేది. రెండోది మనం ఎంచుకున్న పే ఛానెళ్ల ధర. నెట్‌వర్క్ రుసుముకు 200 ఛానెళ్ల వరకు 130 రూపాయలన్న గరిష్ఠ పరిమితిని ట్రాయ్ 2024 జులైలో ఎత్తేసింది. కాబట్టి మీ ఆపరేటర్ ఎంత తీసుకుంటున్నారో అడిగి తెలుసుకోవాలి.

130 రూపాయలే అనుకుని లెక్క వేద్దాం. మూడు తెలుగు, రెండు తమిళ, ఒక కన్నడ ఛానెల్, ఒక్కోటి 19 రూపాయలు అనుకుంటే 114. రెండూ కలిపి 244. దానిపై 18 శాతం జీఎస్టీ 43.92. మొత్తం 287.92, అంటే రోజుకు పది రూపాయలకు కాస్త తక్కువ. వేరే ఒప్పందం లేకపోతే ఆ 130లో కేబుల్ కంపెనీకి 71.50, మన వీధి ఆపరేటర్‌కు 58.50 చేరుతాయి. ప్యాక్‌గా కొంటే ధర తగ్గవచ్చు, కానీ అందులో మీరు చూసేవి ఎన్నో లెక్కపెట్టుకున్నాకే తీసుకోండి. విడిగా ఎంచుకునే హక్కు మీకు ఎప్పుడూ ఉంది.

ఇంట్లో ఏం చూసుకోవాలి?

స్తంభం నుంచి టీవీ దాకా 30 మీటర్ల కేబుల్ ఉంటే 6 డెసిబెళ్లు పోతాయి. రెండు టీవీల కోసం పెట్టిన స్ప్లిటర్ మరో 4 తీసుకుంటుంది. అంటే టీవీకి చేరేసరికే పదో వంతుకు వచ్చేసినట్టు. పై ఫ్రీక్వెన్సీలకు నష్టం ఎక్కువ కాబట్టి మొదట కొన్ని ఛానెళ్లే గళ్లుగళ్లుగా విరుగుతాయి. అలా జరిగితే బాక్స్ మార్చమనే ముందు కనెక్టర్ విప్పి చూడండి. నల్ల తొడుగు కింద అల్లిన తీగ, దాని కింద వెండిరంగు రేకు, తెల్లటి ప్లాస్టిక్, మధ్యలో ఒక్క రాగిరంగు తీగ ఉంటాయి. అల్లికలోని ఒక్క పోగు ఆ మధ్య తీగకు తగిలినా, అది చిలుము పట్టినా బొమ్మ రాదు. కొన్ని మాత్రమే పోతే ముందు మీ ఇంటి తీగ చూడండి. అన్నీ పోతే పక్కింట్లో అడగండి. అక్కడా లేకపోతే అప్పుడు ఆపరేటర్‌కు ఫోన్ చేయండి. నెల బిల్లుకు మాత్రం రసీదు తప్పకుండా తీసుకోండి.