గళ్లలో ఇమడని అనంతపురం

టెర్మినల్ అంటే ఒకప్పుడు నిజంగానే ఒక పెట్టె. 1978లో డెక్ కంపెనీ తెచ్చిన వీటీ100లో తెర, కీబోర్డు ఉండేవి. లెక్కలు చేసే కంప్యూటరు వేరే గదిలో ఉండేది. తెర మీద వరుసకు 80 గళ్లు, మొత్తం 24 వరుసలు. ఆ 80 కూడా 1928 నాటి ఐబీఎం పంచ్ కార్డుల లెక్కే. ఇప్పుడు పెట్టె పోయి, దాని వేషం కట్టిన సాఫ్ట్‌వేర్ మిగిలింది. అదే టెర్మినల్ ఎమ్యులేటర్.

ఒకే కిటికీలో పలు టెర్మినళ్లు తెరిచే ట్యాబులు లినక్స్‌వాళ్లకు పాత సంగతే. మైక్రోసాఫ్ట్ మాత్రం 2019లో ప్రకటించిన విండోస్ టెర్మినల్‌తో గానీ వాటి జోలికి రాలేదు. ఒక్కో ట్యాబు వెనక ఆపరేటింగ్ సిస్టం ఒక సూడో టెర్మినల్‌ను తెరుస్తుంది, అందులో మన ఆదేశాలు అందుకునే షెల్ ఒకటి నడుస్తుంది. అందుకే ఒక ట్యాబులో ప్రోగ్రాం మొరాయించినా పక్క ట్యాబులో పని ఆగదు. ట్యాబు మూసేస్తే మాత్రం లోపలి ప్రోగ్రాములకు 'హ్యాంగప్' సంకేతం వెళ్తుంది. టెలిఫోన్ లైను మీద టెర్మినళ్లు నడిచిన కాలపు పేరు అది. అది అందగానే చాలా ప్రోగ్రాములు ఆగిపోతాయి.

అనంతపురంలో కూర్చుని సెల్‌ఫోన్ హాట్‌స్పాట్‌తో బెంగళూరు సర్వరు మీద పనిచేసేవారికి ఇదే తలనొప్పి. సిగ్నల్ పోయి కనెక్షన్ తెగిందా, సర్వరులోనూ అదే హ్యాంగప్ వెళ్లి, రాత్రంతా నడవాల్సిన లెక్క సగంలో ఆగినట్టే. దీనికి మందు 1987 నాటి స్క్రీన్, 2007లో వచ్చిన టీమక్స్ అనే ప్రోగ్రాములు. ఇవి షెల్‌ను సర్వరులోనే బతికించి ఉంచుతాయి. మళ్లీ కలిసినప్పుడు వదిలిన చోటు నుంచే పని అందుకోవచ్చు. పారదర్శక తెరలకూ రంగుల హంగులకూ దక్కే ప్రచారంలో సగం వీటికి దక్కితే బాగుండు!

అసలు చిక్కు తెలుగు దగ్గరుంది. ఏటా సగటున 550 మి.మీ. వాన కోసం ఆకాశం వైపు చూసే ఈ ప్రాంతపు వర్షపాతం పట్టికను, ఊరి పేర్లు ముందుండేలా, టెర్మినల్‌లో తెరిచి చూడండి. అంకెల వరుసలు వంకర పోవచ్చు. 'అనంతపురం' కంటికి 5 అక్షరాలు, యూనికోడ్‌కు 8 సంకేతాలు. మార్కస్ కూన్ రాసిన, చాలామంది వాడుకున్న, ఏ సంకేతానికి ఎన్ని గళ్లో చెప్పే పాత వెడల్పు సూత్రం ప్రకారం సున్నకూ, కొమ్ముకూ కూడా తలా ఒక గడి. అంటే మొత్తం 8 గళ్లు. 'ధర్మవరం' 4 అక్షరాలే, కానీ 7 సంకేతాలు. ఇక్కడ పొల్లుకు గడి లేదు గనుక 6 గళ్లు. ర్మ ఒకే అక్షరమైనా రెండు గళ్లు పట్టింది! ప్రోగ్రాం ఒక లెక్క, టెర్మినల్ ఇంకో లెక్క వేసుకుంటే కర్సర్ ఒకచోట, అక్షరం ఇంకోచోట.

సంకేతాలను కాక పూర్తి అక్షరాన్ని లెక్కించే పద్ధతి 2024లో విండోస్ టెర్మినల్ ప్రివ్యూలోకి వచ్చింది. ఈ-పుస్తకాల సాఫ్ట్‌వేర్ కాలిబర్ కర్త కోవిద్ గోయల్ తయారుచేసిన కిట్టీ టెర్మినల్ 2025లో ఇంకో దారి చూపింది: ఈ ముక్కకు ఎన్ని గళ్లు కావాలో ప్రోగ్రామే టెర్మినల్‌కు చెబుతుంది, ఇక వాదం ఉండదు. నాకైతే రెండోదే నచ్చింది. కాకపోతే ప్రోగ్రాములు రాసేవాళ్లంతా దాన్ని వాడాలి. అంతదాకా పట్టికలో అంకెలను ముందు, ఊరి పేరును చివర పెట్టుకుంటే వరుసలు చెదరవు.