కొత్త వీరుడెవరు?

వేసవి సెలవులు వచ్చాయంటే వేలూరులోనూ గుడియాత్తంలోనూ మన తెలుగు కుటుంబాల ఇండ్లు పిల్లకాయలతో నిండిపోతాయి. మే నెల నడుమ గుడియాత్తంలో జరిగే గంగమ్మ శిరసు ఉత్సవానికి చిత్తూరు నుండి, చెన్నై నుండి, బెంగుళూరు నుండి చుట్టపక్కాలు దిగుతారు. అమెరికాలో వుద్యోగం చేసేవారి బిడ్డలు కూడా ఒక్కొక్క యేడు వస్తారు. వారితో పాటు చేతిలో పట్టే ఆటల పెట్టె ఒకటి వస్తుంది. పెద్దలు వసారాలో పెండ్లి సంబంధాల మాటలలో వుండగా, లోపలి గదిలో పిల్లకాయలు మరొక వాదంలో మునిగి వుంటారు: "ఈసారి కొత్తగా ఎవరిని దించుతారు?"

ఇది ఎన్నికల అభ్యర్థిని గురించిన మాట కాదు. ఒక వీడియో ఆటలోకి రాబోయే కొత్త వీరుణ్ణి గురించిన జోస్యం. ఎవరు నిలుస్తారు, ఎక్కడ నిలుస్తారు అని ఊహించుకోవడం మన ఊళ్ళకు కొత్త గాదు. 1954లో కామరాజ్ గారు ముఖ్యమంత్రి అయిననాటికి శాసనసభలో సభ్యులు కారు; గుడియాత్తం ఉప ఎన్నికలో నిలిచి గెలిచారు. అటువంటి ఊరి బిడ్డలు ఊహాగానాలు చేస్తే ఆశ్చర్యమేమున్నది? కనుక దీనిని వట్టి పిల్లచేష్ట అని తోసివేయక, ఇందులోని సంగతి పాఠకులకు మనవి చేయదలచాము.

ఆ ఆట పేరు సూపర్ స్మాష్ బ్రదర్స్. వేరువేరు కథలలో పుట్టిన వీరులందరూ ఒకే రంగస్థలం మీద కలుసుకొని పోరాడడం దీని విశేషం. ఎదుటివానిని చంపడం ఇందులో లేదు. దెబ్బలు తగిలినకొద్దీ మనిషి తేలికై దూరంగా ఎగిరిపడతాడు. వానిని రంగస్థలం ఆవలికి పడగొట్టినవాడు గెలుస్తాడు.

వేరువేరు కథల వీరులు తలపడడమంటే మన పెద్దలకు వింతగా తోచవచ్చును. కాని ఈ రుచి మనకు తెలియనిదా? కృష్ణునికీ అర్జునునికీ యుద్ధం వస్తే ఎవరు గెలుస్తారనే ప్రశ్న మీదనే గదా చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి గయోపాఖ్యానం నడిచింది! 1963లో అదే కథ శ్రీకృష్ణార్జున యుద్ధమనే చిత్రంగా వచ్చినప్పుడు రామారావు గారు కృష్ణుడుగా, నాగేశ్వరరావు గారు అర్జునుడుగా నిలబడ్డారు. అభిమానులు రెండు పక్షాలై వాదించుకోవడానికి అంతకంటె యేం కావాలి? నేటి పిల్లలు చేసేదీ అదే.

ఈ ఆటను తయారుచేసినది జపాను దేశస్థుడు మసహిరో సకురాయి. ఆయనకు తోడుగా నిలిచినవాడు సతోరు ఇవాతా. ఈయన తరువాతి కాలంలో నింటెండో సంస్థకు అధ్యక్షుడైనాడు. మొదట పేరూ ఊరూ లేని బొమ్మలతో ఒక నమూనా చేసి చూచుకున్నారు. అందులో జీవం కనబడలేదు. అప్పుడు నింటెండో వారి ప్రసిద్ధ పాత్రలైన మారియో మొదలైనవారిని పెట్టి చూపగా పని పండింది. 1999 జనవరిలో జపానులో ఆట వెలువడింది. అందులో వీరులు 12 మంది. 2018 డిసెంబరు 7న వచ్చిన అల్టిమేట్ అనే ఆట పూర్తి అయ్యేసరికి వారి సంఖ్య 89కి పెరిగింది. ఆ ఒక్క ఆట 3 కోట్ల ప్రతులకు మించి అమ్ముడుపోయింది.

2008లో వచ్చిన మూడవ ఆటలో ఒక గోడ కూలింది. అంతవరకు నింటెండో ఇంటివారికే వున్న చోటు, పరాయి సంస్థల పాత్రలైన స్నేక్, సోనిక్ అనే ఇద్దరికి దక్కింది. పరాయివారికి తలుపు తెరచిన తరువాత ఎవరైనా రావచ్చును గదా! అప్పటినుండి జోస్యాలకు అంతులేకుండా పోయింది. ఆట అమ్మిన తరువాత కూడా ఒక్కొక్క వీరుణ్ణి వేరుగా విడుదల చేసే పద్ధతి 2015లో ఈ ఆటకు వచ్చి, ఆ పిచ్చిని ఇంకా పెంచింది.

అయితే మంచి జోస్యానికీ, నోటికి వచ్చిన మాటకూ తేడా వున్నది. బాగా ఊహించే పిల్లవాడు నాలుగు ప్రశ్నలు వేసుకుంటాడు. మొదటిది: ఆ పాత్ర వీడియో ఆటలో పుట్టినదేనా? సకురాయి నియమం అది. సినిమాలోనో పుస్తకంలోనో పుట్టినవారికి చోటు లేదు. రెండవది: ఆ పాత్ర సొంతదారులు ఒప్పుకుంటారా? మూడవది: ఇంతవరకు ఎవరికీ లేని పట్టు ఏదైనా వానికి వున్నదా? నాలుగవది: ఆ పాత్ర వచ్చిన ఆట ఇప్పుడు అమ్మకంలో వున్నదా? 2019లో వచ్చిన ఫైర్ ఎంబ్లమ్ ఆటలోని బైలెత్‌ను 2020 జనవరిలో దించడం ఈ నాలుగవ లెక్కకు సరిపోతుంది. ఈ విధంగా కారణం చెప్పి ఊహించడం లెక్కల పాఠానికి తీసిపోని కసరత్తు.

పుకార్ల సంగతి కూడా చెప్పాలి. 2018 అక్టోబరులో ఒక ఛాయాచిత్రం లోకమంతా పాకింది. గ్రించ్ అనే బొమ్మల సినిమా ప్రచార చిత్రం పక్కన ఈ ఆట వీరుల పటం కనబడింది. అందులో కెన్, బాంజో, గీనో, షాడో మొదలైన కొత్త మొగాలు వున్నాయి. లక్షలమంది నమ్మారు. నవంబరు 1న అసలు ప్రకటన వచ్చింది. పటంలోని కెన్ మాత్రం వచ్చాడు; మిగిలినవారి జాడ లేదు. వారికి బదులు పిరానా ప్లాంట్ అనే కుండీలోని మాంసాహారపు మొక్క ఒకటి వీరుల వరుసలో చేరింది! దానిని కలలోనైనా తలచినవారు అరుదు. పటం దొంగదని తేలిపోయింది. మరుసటి యేడు బాంజో నిజంగానే వచ్చాడు. అంతమాత్రాన పటం నిజమయిపోదు. ఒక మాట ఫలించినంత మాత్రాన చెప్పినవాడు జ్ఞాని కాడని పిల్లలకు నేర్పడానికి ఇంతకంటె మంచి పాఠం దొరకదు. పొద్దున్నే ఫోనులో వచ్చిన వార్తను నలుగురికి పంపే పెద్దలకూ ఇది పనికివస్తుంది.

ఓర్పు నేర్పే కథ కూడా ఒకటి వున్నది. 2015 ఏప్రిల్ 1 నుండి అక్టోబరు 3 వరకు, మీకు ఎవరు కావాలి అని నింటెండో వారు ప్రజలనే అడిగి ఓట్లు తీసుకున్నారు. అందులో మొదటివాడుగా నిలిచినది సోరా. అతడు కింగ్‌డమ్ హార్ట్స్ అనే ఆటలోని బాలుడు. అతని హక్కులు డిస్నీ వారివి. ఒప్పందం కుదరడం కష్టమని అందరూ ఆశ వదులుకున్నారు. తుదకు 2021 అక్టోబరు 5న సకురాయి చివరి వీరుడుగా ప్రకటించినది సోరానే. ఓటు వేసిననాడు పదేండ్ల పిల్లవానికి అప్పటికి పదహారేండ్లు వచ్చాయి.

తలిదండ్రులకు ఒక హెచ్చరిక. 2018లో అయిదుగురు కొత్త వీరుల కట్టను, వారి పేర్లైనా చెప్పక ముందే, సుమారు 25 డాలర్లకు అమ్మకానికి పెట్టారు. నీళ్ళలో బర్రెను వుంచి బేరమాడినట్లే గదా! ఎవరు వస్తారో తెలిసిన తరువాత కొనుక్కుంటే వచ్చే నష్టమేమీ లేదని పిల్లలకు నచ్చజెప్పవలెను.

ఇక మా ఇండ్లలో పిల్లలు తరచుగా అడిగే ప్రశ్నకు వస్తాము. "తాతా, ఇందులో మనవాడు ఒక్కడూ లేడేమి?" 1991లో కాప్‌కామ్ సంస్థ తయారుచేసిన స్ట్రీట్ ఫైటర్ రెండవ ఆటలో ధల్సిమ్ అనే భారతీయ యోగి వున్నాడు. చేతులు బారలుగా సాగదీస్తాడు, నోటినుండి నిప్పులు చిమ్ముతాడు. జపానువారు మనలను ఊహించుకున్న తీరు అది. ఆ ఆటనుండి ర్యూ, కెన్ ఇద్దరూ స్మాష్ రంగస్థలం ఎక్కారు, ధల్సిమ్ ఎక్కలేదు. 2020లో పూణేలోని నోడింగ్ హెడ్స్ అనే చిన్న సంస్థ రాజీ అనే ఆటను తయారుచేసింది. తమ్ముణ్ణి రాక్షసుల నుండి విడిపించడానికి బయలుదేరిన ఆడపిల్ల కథ. అది మొట్టమొదట వెలువడినది నింటెండో వారి స్విచ్ పెట్టె మీదనే. 2025 జూన్ 5న స్విచ్ రెండవ పెట్టె వచ్చిననాటినుండి మళ్ళీ ఊహలు ఊపందుకున్నాయి. రాజీ పేరు చెప్పే పిల్లలుంటే మేము సంతోషిస్తాము.

మరి ఘటోత్కచుడు ఎందుకు రాకూడదు? మాయ వున్నది, బలం వున్నది, హాస్యం వున్నది. మూడవ ప్రశ్నకు జవాబు చెప్పడంలో అతనికి సాటి యెవరు? కాని మొదటి ప్రశ్న దగ్గరనే ఆగిపోతాడు. ముందు ఎవరైనా అతనిని ఒక మంచి ఆటలో పుట్టించాలి. ఆ పని జపానువారు చేయరు; చేసినా మరొక ధల్సిమ్‌నే చేస్తారు. ఘటోత్కచుని కథ విని పెరిగిన బిడ్డ ఒకనాడు చేయాలి. వేలూరులో ఇంజనీరింగు చదివే మన పిల్లలకు యంత్రం తెలుసు. కథ తెలుసునా?

అసలు బరువు ఇక్కడ వున్నది. మన పిల్లలు బడిలో తమిళమూ ఇంగ్లీషూ చదువుతారు. ఇంట తెలుగు మాట్లాడతారు గాని అది అన్నం, నీళ్ళు, పద, రా అనే మాటలకు పరిమితమై పోతున్నది. ఎంతో ఉత్సాహంగా వాదించే సంగతి వచ్చినప్పుడు భాష మారిపోతుంది. ఇష్టమైన విషయాన్ని మాట్లాడని భాష ఇంటిలో ఎంతకాలం నిలుస్తుంది? కనుక తాతలారా, అవ్వలారా, మీరు ఒక పని చేయండి. ఆ వాదంలో మీరూ కూర్చోండి. "నీ వీరుడు ఎవరు నాయనా, వాని గొప్ప యేమిటి?" అని తెలుగులో అడగండి. వాడు తెలుగులోనే కారణాలు వెతుక్కుంటాడు. వాని వంతు అయిన తరువాత, మీ వంతుగా ఘటోత్కచుణ్ణి నిలబెట్టండి. ఎవరు గెలుస్తారో ఇద్దరూ కలిసి తేల్చుకోండి.