అభ్యంగనం అందరికీ హితమేనా?

పసిబిడ్డ మొదలు పండు ముదుసలి వరకు ఒంటికి నూనె పట్టించి నలుగు పెట్టడం మన ఇళ్ళలో తరతరాల ఆచారం. వార్ధక్యాన్ని, బడలికను, వాతాన్ని పోగొట్టి, సుఖనిద్రను ప్రసాదించే అభ్యంగనాన్ని నిత్యమూ ఆచరించవలసిందని వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయంలోని దినచర్యాధ్యాయంలో చెప్పాడు. ఆ వెంటనే, కఫరోగులు, వమన విరేచనాది శోధనలు చేయించుకున్నవారు, అజీర్ణంతో ఉన్నవారు దానిని వర్జించాలనీ విధించాడు. సుశ్రుతుడు కొత్తగా వచ్చిన జ్వరంలోనూ నిషేధించాడు. మొదటి మాట అందరికీ గుర్తున్నది. రెండవది మరుగున పడింది.

కొన్నేళ్ళ క్రితం ఒక గృహస్థు నన్ను పిలిపించారు. తుంటి ఎముకకు శస్త్రచికిత్స జరిగి, ఆయన తండ్రిగారు మూడు వారాలుగా మంచం మీదనే ఉన్నారు. "నాన్నగారికి ఎడమ పిక్క పట్టేసింది డాక్టరుగారూ, వాతమే కాబోలు. మహానారాయణ తైలం వెచ్చబెట్టి ఉంచాం" అన్నారు. నేను జీవితమంతా వాడిన తైలమే అది. అయినా దర్శన, స్పర్శన, ప్రశ్నలనే త్రివిధ పరీక్ష ముగియనిదే తైలం ముట్టరాదని మా గురువుగారు నేర్పిన నియమం. రెండు కాళ్ళనూ పక్కపక్కన ఉంచి చూశాను. ఎడమ పిక్క వాచి, ఎర్రబారి, తాకితే వేడిగా ఉన్నది. తైలం పక్కన పెట్టించి, వెంటనే ఆసుపత్రికి పంపాను. లోపలి సిరలో రక్తం గడ్డకట్టినట్లు స్కానింగులో తేలింది. ఆ పిక్కను మర్దించి ఉంటే గడ్డ కదిలి, గుండె మీదుగా ఊపిరితిత్తుల రక్తనాళంలో అడ్డుపడి ప్రాణాపాయమే కలిగి ఉండవచ్చు.

కాబట్టి ఈ క్రింది జాగ్రత్తలు పాటించండి.

* ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెడుతుంటే మర్దించరాదు. దానికి తోడు ఆయాసం, ఛాతీ నొప్పి కలిగితే వెంటనే 108కి ఫోన్ చేయాలి.

* గుండె బలహీనత, మూత్రపిండాల వ్యాధి వల్ల కాళ్ళకు నీరు చేరినవారు తమ వైద్యుని అనుమతి లేనిదే మర్దన చేయించుకోరాదు.

* రక్తం పలచబడే మందులు వాడేవారిని గట్టిగా పిసికితే లోపల రక్తస్రావం కావచ్చు.

* కేన్సర్ రోగులకు గడ్డ ఉన్నచోట, రేడియేషన్ ఇచ్చినచోట, వ్యాధి పాకిన ఎముకల మీద ఒత్తిడి కూడదు. చికిత్స చేసే వైద్యుడు సమ్మతిస్తే, తక్కిన అవయవాలను మృదువుగా నిమరడం వారికి ఊరటనిస్తుంది.

* మధుమేహంతో పాదాల స్పర్శ తగ్గినవారికి నూనె వేడి తెలియదు, చర్మం కాలిపోతుంది. ఇంకొకరు తమ ముంజేతి మీద వేసుకొని వేడి చూడాలి.

* క్షవరం తరువాత మెడ విరిపించుకొనే అలవాటు మానండి. మెదడుకు పోయే రక్తనాళం చిట్లి పక్షవాతం రావచ్చు.

మర్దన చేసేవారు ఇంటివారైనా, వృత్తివారైనా, మీ రోగాలు, జరిగిన ఆపరేషన్లు, వాడుతున్న మందులు ముందుగానే చెప్పండి. వారు అడగలేదని ఊరకుండవద్దు.

ఆ పెద్దాయన కోలుకున్నారు. ఆరు నెలల తరువాత, ఆసుపత్రి వైద్యులు సమ్మతించాక, అదే తైలంతో ఆయనకు నేనే మర్దన ప్రారంభించాను.