పాలు చాలట్లేదా? ముందు నర్సమ్మకు చూపించండి

ధర్మవరంలోనో పెనుకొండలోనో కాన్పయి పుట్టింటికి వచ్చిన అమ్మాయి. మూడో రాత్రి బిడ్డ గంటకోసారి ఏడుస్తోంది. ‘పాలు పడలేదేమో’ అని ఎవరో అంటారు. తెల్లారేసరికి ఇంట్లోకి పాలడబ్బా వచ్చేస్తుంది. కొనేముందు కాస్త ఆగండి. తొలి రోజుల్లో బిడ్డ పొట్ట చాలా చిన్నది, మాటిమాటికీ అడుగుతుంది. ఎంత చప్పరిస్తే పాలు అంత ఊరతాయి. డబ్బా పట్టేకొద్దీ అవి తగ్గుతాయి.

ఒకప్పుడైతే మంత్రసాని పక్కన కూర్చుని రొమ్ము ఎలా అందించాలో చూపేది. (ముర్రుపాలు పిండి పారబోయమన్నవాళ్లూ ఉన్నారు లెండి!) 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో నూటికి 96 కాన్పులు ఆసుపత్రుల్లోనే. మంచిదే. కానీ తీరిగ్గా కూర్చుని చూపే మనిషి కరవయ్యారు. తెలంగాణ 2017లో హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఆసుపత్రితో కలిసి నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. మరుసటి ఏడాది కేంద్రమూ 18 నెలల శిక్షణతో మార్గదర్శకాలు ఇచ్చింది. మీ ఆసుపత్రిలో మిడ్‌వైఫ్ లేకుంటే స్టాఫ్ నర్సును, ఏఎన్ఎంను అడగండి. ఆసుపత్రి కాన్పయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి. ‘మాకెందుకులే’ అని గుమ్మంలోంచే పంపేయకండి.

వాళ్లు ముందు చూసేది బిడ్డ నోటినే. చనుమొన ఒక్కటే పట్టుకుంటే తల్లికి పగుళ్లు, బిడ్డకు ఆకలి. చుట్టూ ఉన్న నల్లటి భాగమూ నోట్లోకి వెళ్లాలి, గడ్డం రొమ్ముకు ఆనాలి. సిజేరియనైనా తల్లి మెలకువగా ఉంటే తొలి గంటలోనే పట్టించవచ్చు, పక్కన ఒకరు బిడ్డను పట్టుకుంటే చాలు. అమ్మయినా అత్తగారైనా, నర్సమ్మ చూపేటప్పుడు పక్కనే ఉండి నేర్చుకోండి. అర్ధరాత్రి ఆసరా మీరే కదా!

హిందూపురం ఎండలకు గొంతు ఎండుతుందని చంటిబిడ్డకు చెంచాతో నీళ్లు పట్టేవాళ్లున్నారు. తల్లిపాలలో నూటికి దాదాపు 88 పాళ్లు నీరే. ఆర్నెల్లదాకా వేరే చుక్క అక్కర్లేదు. ఆ నీళ్లేవో బాలింతకివ్వండి. పత్యం పేరుతో ఆమెకు మంచినీళ్లు కూడా లెక్కపెట్టి ఇచ్చే ఇళ్లు ఇంకా ఉన్నాయి.

అయిదో రోజు నుంచి బిడ్డ రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తుంటే, రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు చేరుకుంటే పాలు చాలుతున్నట్టే. మొదట్లో కొంత తగ్గడం మామూలే. మూత్రం బాగా తగ్గినా, లేపినా పాలకు లేవకుండా మత్తుగా ఉన్నా, ఒళ్లు వేడెక్కినా, చల్లబడినా ఆశా వచ్చేదాకా ఆగకండి. వెంటనే పిల్లల డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి.