ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ద్రవం

ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ద్రవం (ఏ.టి.ఎఫ్.) అనునది ఆటోమేటిక్ గేర్లు గల కార్ల గేరుబాక్సులో వాడే ప్రత్యేకమైన నూనె. ఇది కందెనగా పనిచేయుటయే కాక, టార్క్ కన్వర్టర్ ద్వారా ఇంజను శక్తిని చేరవేస్తుంది. గేర్లు మార్చే క్లచ్‌లకు పీడనాన్ని అందిస్తుంది, వేడిని తొలగిస్తుంది.

మార్చవలసిన గడువు

వేడి వలన ఈ నూనె క్రమంగా ఆక్సీకరణం చెందుతుంది. క్లచ్ పలకలు అరిగిన పొడి కూడా ఇందులో చేరుతుంది. కొన్ని కార్ల సంస్థలు దీనిని ఎన్నడూ మార్చనవసరం లేదని చెబుతాయి. అయితే గేరుబాక్సులను తయారుచేసే జర్మనీ సంస్థ జడ్.ఎఫ్. తన గేరుబాక్సులలో 80,000 నుండి 1,20,000 కిలోమీటర్లకు, లేదా 8 సంవత్సరాలలోపు దీనిని మార్చమని సూచిస్తుంది.

అధిక ఉష్ణోగ్రత, ఆగుతూ సాగే ప్రయాణం ఉన్నచోట గడువు ఇంకా తగ్గుతుంది. జీడిమెట్ల నుండి బాలానగర్, కూకట్‌పల్లి మీదుగా హైటెక్ సిటీకి రోజూ రద్దీ వేళల్లో తిరిగే కారు ఈ కోవకు చెందుతుంది. హైదరాబాదులో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది.

జాగ్రత్తలు

* కారుతో ఇచ్చిన పుస్తకంలో పేర్కొన్న ద్రవాన్నే వాడాలి. సి.వి.టి. గేరుబాక్సుకు వేరే ద్రవం అవసరం.
* 2014లో మారుతి సుజుకీ సెలెరియోతో భారతదేశంలో ప్రాచుర్యం పొందిన ఏ.ఎం.టి.లో టార్క్ కన్వర్టర్ ఉండదు. దాని గేర్లకు మాన్యువల్ గేరుబాక్సు నూనె వాడతారు.
* ప్లగ్గు విప్పి నూనె తీసినపుడు కొంత పాత నూనె టార్క్ కన్వర్టర్‌లో మిగిలిపోతుంది.
* నూనె నల్లబడి మాడిన వాసన వస్తుంటే క్లచ్‌లు అప్పటికే దెబ్బతిని ఉండవచ్చు. అరిగిన క్లచ్‌లను కొత్త నూనె బాగుచేయలేదు. కావున గడువులోపే మార్చుట మేలు.