పొగాకు మాన్పించే ఫోన్‌: అటునుంచి మళ్లీ మోగాలి

పుదుచ్చేరి పట్టణంలోని కదిర్కామంలో ఇందిరాగాంధీ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. అదే కేంద్రపాలిత ప్రాంతంలో భాగమైన యానాం మాత్రం అక్కడికి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో, కాకినాడకు దగ్గరగా, గౌతమీ గోదావరి ఒడ్డున ఉంది. యానాం నుంచి వచ్చిన ఒక తెలుగాయన కదిర్కామంలో డాక్టరుకు చూపించుకున్నాడనుకుందాం. ‘బీడీ మానెయ్యాలి’ అంటారు డాక్టరు. ఆయనా సరేనంటాడు. రెండు రోజుల తర్వాత ఇంట్లో భోజనం ముగించి, అలవాటు కొద్దీ చెయ్యి జేబులోకి పోయినప్పుడు పక్కన డాక్టరు ఉండరు. ఆ సమయానికి అందుబాటులో ఉండేది ఫోన్‌ ఒక్కటే.

పొగాకు మానాలనుకునేవారి కోసం మన దేశంలో 1800-11-2356 అనే ఉచిత నంబరు ఉంది. 2016 మే చివరిలో ఢిల్లీలోని వల్లభ్‌భాయ్‌ పటేల్‌ ఛాతీ వ్యాధుల సంస్థలో ఈ జాతీయ సేవ మొదలైంది. 2018లో ముంబయి, గువాహటిలలోని క్యాన్సర్‌ సంస్థలతో పాటు బెంగళూరులోని నిమ్‌హాన్స్‌ కూడా ఇందులో చేరింది. తెలుగుతో సహా దక్షిణాది భాషల్లో మాట్లాడే కౌన్సెలర్లు ఉండేది నిమ్‌హాన్స్‌లోనే.

ఒక్కసారి మాట్లాడితే అలవాటు పోతుందా? చాలామందికి పోదు. కారణం నికోటిన్‌ నడకలో ఉంది. ఒక దమ్ము లాగితే అది 10 నుంచి 20 సెకన్లలో మెదడుకు చేరుతుంది. రక్తంలో దాని అర్ధాయువు సుమారు రెండు గంటలు. రేడియోధార్మికత పాఠంలో చదువుకున్న అర్ధాయువు లాంటిదే ఇదీ. రాత్రి చివరి బీడీ కాల్చి ఎనిమిది గంటలు నిద్రపోతే నాలుగు అర్ధాయువులు గడిచిపోతాయి, రక్తంలో మిగిలేది దాదాపు పదహారో వంతు. బాగా అలవాటు పడినవారికి లేవగానే మొదటిది కాల్చకపోతే తోచకపోవడానికి కారణం ఇదే. మానేసిన మొదటి మూడు నాలుగు రోజుల్లో చిరాకు, నిద్రలేమి, ఏకాగ్రత లోపం తీవ్రంగా ఉండి, రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుముఖం పడతాయి. ఒక్కో తహతహ మాత్రం సాధారణంగా కొన్ని నిమిషాలే ఉంటుంది. మానినవారిలో చాలామంది మొదటి వారంలోనే మళ్లీ మొదలుపెడతారు.

కాబట్టి సహాయం కూడా ఆ రోజుల్లోనే దట్టంగా అందాలి. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1992లో మొదలైన హెల్ప్‌లైన్‌కు షూ-హాంగ్‌ ఝూ బృందం ఈ లెక్కతోనే పద్ధతి రూపొందించింది. కౌన్సెలర్లే తిరిగి ఫోన్‌ చేస్తారు. ఆ కాల్స్‌ మొదటి వారంలో దగ్గరదగ్గరగా, తర్వాత దూరందూరంగా ఉంటాయి. ఇలాంటి ప్రయోగాలను కలిపి పరిశీలించిన 2019 నాటి కోక్రేన్‌ సమీక్ష ప్రకారం, హెల్ప్‌లైన్‌కు ఫోన్‌ చేసినవారిలో మానగలిగినవారు మామూలుగా 7 శాతం ఉంటే, పలుమార్లు తిరిగి కాల్స్‌ అందుకున్నవారిలో సుమారు 10 శాతం ఉన్నారు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ 2016-17 జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో పొగాకు వాడే పెద్దలు సుమారు 26.7 కోట్ల మంది. వారిలో కొద్దిమందే ఫోన్‌ చేసినా ఆ మూడు శాతం చిన్న సంఖ్య కాదు.

చిక్కు ఇక్కడే వస్తుంది. 2018 సెప్టెంబరు నుంచి పొగాకు ప్యాకెట్ల మీద ఈ నంబరు ముద్రిస్తున్నారు. మంచి నిర్ణయమే. ఆస్ట్రేలియాలో 2006లో బొమ్మల హెచ్చరికలతో పాటు నంబరు వేసినప్పుడు కాల్స్‌ రెట్టింపయ్యాయి. అయితే కాల్స్‌ పెరిగినంత సులువుగా కౌన్సెలర్లు పెరగరు. వరుసల గణితం ఏం చెబుతుందంటే, ఒకే కౌన్సెలర్‌ ఉన్నచోట ఆమె సమయం సగం నిండినప్పటి కంటే 90 శాతం నిండినప్పుడు, కాల్‌ చేసినవారు ఎదురుచూసే సమయం రెట్టింపు కాదు, తొమ్మిది రెట్లు అవుతుంది. ఒత్తిడి పెరిగితే ఏ హెల్ప్‌లైన్‌లోనైనా మొదట వాయిదా పడే ప్రమాదం ఉన్నది ఆ తిరిగి చేయాల్సిన కాల్స్‌కే. మోగుతున్న ఫోన్‌ ఎత్తకపోతే అందరికీ తెలుస్తుంది, చేయని ఫోన్‌ గురించి అడిగేవారుండరు. అందుకే హెల్ప్‌లైన్‌ను నిలబెట్టడమంటే ప్రచారానికి ముందే కౌన్సెలర్ల జీతాలకు, శిక్షణకు ఏటా నమ్మకంగా డబ్బు కేటాయించడమని నా అభిప్రాయం.

ఫలితాల లెక్క కూడా నిజాయతీగా ఉండాలి. వందమంది నమోదైతే నెల తర్వాత 40 మంది ఫోన్‌కు దొరికారనుకోండి, వారిలో 20 మంది మానేశామన్నారు. విజయం 50 శాతమా, 20 శాతమా? దొరకనివారు మానలేదనే లెక్కగట్టడం పరిశోధనల్లో పద్ధతి. చూడ్డానికి చిన్నగా ఉన్నా చెప్పాల్సింది 20 శాతమే.

ప్యాకెట్‌ మీది నంబరు అందనివారూ ఉన్నారు. పాన్‌షాపులో ఒక్క సిగరెట్‌ విడిగా కొనేవారి చేతికి ప్యాకెట్‌ రాదు. ఇంట్లో చుట్టుకున్న చుట్టకు ప్యాకెట్టే లేదు. శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాల్లో కొందరు స్త్రీలు నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తారు. అడ్డపొగ అంటారు దీన్ని. అంగిలికి క్యాన్సర్‌ తెచ్చే అలవాటు. ‘రోజుకు ఎన్ని సిగరెట్లు?’ అని మొదలయ్యే ప్రశ్నావళి వారి దగ్గర పనికిరాదు. ఆ సర్వేలోనే పొగాకు వాడేవారు ఆంధ్రప్రదేశ్‌లో 20 శాతం, తెలంగాణలో 17.8 శాతం, పుదుచ్చేరిలో 11.2 శాతం. తెలుగు కౌన్సెలర్‌కు చుట్ట, ఖైనీ, గుట్కా, జర్దా కిళ్లీ అన్నీ తెలిసి ఉండాలి. ఊళ్లలో ఆశా కార్యకర్త, ఆసుపత్రుల్లో నర్సు ఈ నంబరును స్వయంగా రోగి ఫోన్‌లో నమోదు చేసి ఇస్తే ప్యాకెట్‌ చేయలేని పని కొంత జరుగుతుంది.

ఫోన్‌ చేసేముందు ఏం వాడుతున్నారో, రోజుకు ఎన్నిసార్లో, నిద్ర లేచిన ఎన్ని నిమిషాలకు మొదటిది పడుతుందో గుర్తుపెట్టుకుంటే మాట తొందరగా సాగుతుంది. ఇంకొక సంగతి. తెలియని నంబరు కనిపిస్తే మోసగాళ్లేమోనని ఎత్తని రోజులివి. కౌన్సెలర్‌ తిరిగి ఏ నంబరు నుంచి చేస్తారో, ఏ పూట చేస్తారో మొదటి కాల్‌లోనే అడిగి రాసుకోండి.